గోడ మీద మెచ్చుకున్నారు, పని మాత్రం ఇవ్వలేదు: రెండు ఫోలియోల కేస్ స్టడీ

పన్నెండేళ్లు హైదరాబాద్ యాడ్ ఏజెన్సీల్లో ఆర్ట్ బయ్యర్‌గా చేశాను. ఏ బొమ్మ ఎవరి చేత వేయించాలి, ఏ షూట్ ఎవరికి ఇవ్వాలి అని వెతకడమే ఉద్యోగం. ఆరేళ్ల కిందట బల్లకు ఇవతలి వైపుకు వచ్చేశాను. ఇప్పుడు కమర్షియల్ చిత్రకారులకు, ఫొటోగ్రాఫర్లకు ఫోలియోలు, అంటే పని ఇచ్చేవాళ్లకు చూపించుకునే ఎంపిక చేసిన పనుల కూర్పులు, కూర్చిపెడుతున్నాను. ఇది గత ఏడాదిన్నరలో ఇద్దరి కోసం చేసిన పని. మొదటి ప్రయత్నం దెబ్బతింది. ఎందుకు దెబ్బతిందో అర్థమయ్యాకే రెండోది కుదిరింది కాబట్టి రెండూ రాస్తున్నాను.

మొదటివారు విజయవాడ చిత్రకారుడు. అరవైకి దగ్గర పడ్డారు. ఒక వారపత్రికలో 11 ఏళ్లు స్టాఫ్ ఆర్టిస్టు. ఆ తర్వాత సొంతంగా కథలకు బొమ్మలు, నవలలకు ముఖచిత్రాలు, స్కూలు గైడ్లలో గుండె అడ్డకోత, పచ్చడి సీసాల లేబుళ్లు, అగరబత్తి డబ్బాలు, క్యాలెండర్లు, అన్నీ వేశారు. ఊళ్లో అందరూ మాస్టారు అంటారు, నేనూ అంతే. రెండో వ్యక్తి సికింద్రాబాద్ ఫొటోగ్రాఫర్, వయసు ముప్పై రెండు. నగలు, చీరలు తీస్తుంది. పేర్లు ఇద్దరూ వద్దన్నారు.

ఇద్దరి ఇబ్బందీ ఒకటి కాదు. పత్రికలు పల్చబడ్డాక మాస్టారికి పని తగ్గిపోయింది. ఆయన్ని ఎరిగిన సంపాదకులు రిటైరయ్యారు, కొత్తగా వచ్చినవాళ్లకు ఆయన తెలియదు. ఆ అమ్మాయికి పని కొరత లేదు, పనికి తగిన రేటే లేదు. "అక్కా, నగకింత అని కడుతున్నారు. వంద నగలు తీస్తే వంద నగల డబ్బు. ఆ వెలుగు ఎలా వచ్చిందో ఎవరికీ పట్టదు" అంది మొదటి రోజే. కేటలాగ్ నుంచి ప్రచార చిత్రాల వైపు వెళ్లాలని ఆమె కోరిక.

ట్రంకు పెట్టెలు, హార్డ్ డిస్కులు

మాస్టారింట్లో మూడు ట్రంకు పెట్టెలు. మధ్యమధ్య పాత పేపర్లు, నాఫ్తలిన్ ఉండలు. ఐవరీ కార్డు మీద ఇండియన్ ఇంకు, పోస్టర్ కలర్. తప్పు పడ్డచోట తెల్లరంగు పూత, అంచుల్లో ప్రెస్సు వాళ్లు నీలం పెన్సిల్‌తో రాసిన కొలతలు. తెరిచిన రెండింట్లోనే లెక్కపెడితే వెయ్యికి పైనే ఉన్నాయి. పదో వంతు వెండిపురుగులు తినేశాయి. అచ్చయిన ప్రతులు మాత్రం చాలా తక్కువ. చేతికందినవాటిలోనూ సగానికి సంతకం లేదు. లేఅవుట్‌లో అంచు కోసేటప్పుడు బొమ్మతోపాటు సంతకమూ పోయేది. లేబుళ్ల మీదైతే సంతకం అన్న మాటే లేదు.

ఇది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. మన ఇళ్లలో పత్రికల బొమ్మలు వేసినవాళ్ల పేర్లు ఇంటిల్లిపాదికీ తెలిసేవి. 'యువ', 'చందమామ' అట్టల మీద మూల చిన్న అక్షరాల్లో 'వ.పా.' అని ఉంటే అది వడ్డాది పాపయ్య గారి బొమ్మ అని పిల్లలు కూడా చెప్పేవారు. బాపు గారికైతే సంతకం అక్కర్లేదు, గీత చాలు. ఆయన చేతిరాతే ఫాంట్ అయి పెళ్లి శుభలేఖల దాకా వచ్చింది. ఆ ఇద్దరివీ డబ్బు తీసుకుని, గడువు లోపల, ఒకరి అవసరం కోసం వేసిన బొమ్మలే. పేరు బొమ్మతోపాటు అచ్చయింది కాబట్టి జనం గుర్తుపెట్టుకున్నారు. మా మాస్టారి తరానికి ఆ పేరు అచ్చు కావడమే తగ్గిపోయింది.

ఫొటోగ్రాఫర్ దగ్గర నాలుగు హార్డ్ డిస్కులు. ఫైళ్ల పేర్లన్నీ కెమెరా ఇచ్చిన అంకెలే. ఏ నగ ఏ కొట్టుది, ఏ ఏడాది తీసింది అన్నది ఆమె తలలో తప్ప ఇంకెక్కడా లేదు. అప్పుడు ఆమెకు రాజా దీన్‌దయాళ్ సంగతి చెప్పాను. ఆమె ఊళ్లోనే, సికింద్రాబాద్‌లోనే, స్టూడియో పెట్టిన మనిషి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. ప్రముఖుల చిత్తరువులు, కట్టడాలు, వేట విడుదులు, అడిగినవాళ్లకు అడిగింది తీసిన కమర్షియల్ స్టూడియో అది. ఆ ప్రింట్ల మీద పేరు కనిపిస్తుంది, నెగటివ్ నంబరూ కనిపిస్తుంది. ఆయన 1905లో పోయారు. ఆ స్టూడియో గ్లాస్ ప్లేట్లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. గాజు పలకలు అంతకాలం నిలవడం ఒక ఎత్తు, ఏది ఏమిటో చెప్పడానికి దాని మీదే ఒక అంకె ఉండడం మరో ఎత్తు.

అందుకే ఇద్దరి పనికీ మొదట నంబర్లు వేశాం. నెలన్నర పట్టింది. ఏడాది, ఎవరడిగారు, దేనికోసం, ఎక్కడ అచ్చయింది అని నాలుగు గడులు. ఫొటో ఫైళ్ల లోపలి సమాచారంలో తీసినవారి పేరు, హక్కుల వివరం, శీర్షిక నింపాం. ఫైలు ఎన్ని చేతులు మారినా ఆ పేరు దాంతోపాటు వెళ్తుంది. కాకపోతే వాట్సాప్‌లోనో సోషల్ మీడియాలోనో పెడితే ఆ సమాచారం ఊడిపోవచ్చు, కాబట్టి అసలు ఫైలు వేరుగా దాచాలి.

బొమ్మలు డిజిటల్‌కు ఎక్కించే పని ఆ అమ్మాయే ఒప్పుకుంది. ఎ4 లోపువి స్కానర్ మీద 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు). పెద్దవి కెమెరాతో: రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో లైట్లు, లైట్ల ముందు పోలరైజర్ షీట్లు, లెన్సుకు పోలరైజర్, పక్కన కలర్ చార్టు. పోస్టర్ కలర్ దట్టంగా పడ్డచోట మెరుపు వస్తే రంగు తెల్లబారుతుంది, ఈ ఏర్పాటుతో ఆ మెరుపు పోయింది. మొదటి ఫైలు తెర మీద చూసి మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈ ఎరుపు నేను వేసినప్పుడు ఇలాగే ఉందమ్మా. అచ్చులో ఎప్పుడూ రాలేదు" అన్నారు.

మొదటి ప్రదర్శన

ఆ మాట వినగానే నాకు తోచిన ఆలోచన: అచ్చులో రాని ఎరుపును గోడ మీద చూపిద్దాం. హైదరాబాద్‌లో చిన్న హాలు మూడు రోజులకు అద్దెకు తీసుకున్నాం. తెల్ల గోడలు, నల్ల ఫ్రేములు, మాస్టారివి 22, ఫొటోలు 16. బొమ్మల్లోంచి కథ పేరు తీసేశాను. లేబుల్ బొమ్మల్లోంచి బ్రాండు తీసేశాను. నగల ఫొటోల్లో ధర చీటీ, లోగో ఏవీ లేకుండా చూశాను. బొమ్మ మాత్రమే కనబడాలి, దాని చుట్టూ ఉన్న వ్యాపారం కనబడకూడదు అనుకున్నాను. శీర్షికల స్థానంలో నంబర్లే.

వచ్చారు. ఏజెన్సీల నుంచి, ప్రచురణ సంస్థల నుంచి, నా పాత పరిచయాలన్నీ వచ్చాయి. మెచ్చుకున్నారు. ఇద్దరు డ్రాయింగ్ రూముకు కొంటామని అడిగారు. పని గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాత నెల రోజులు ఇద్దరి ఫోన్లూ మోగలేదు.

ఎందుకో ఆ ప్రదర్శనలోనే నాకు తెలిసి ఉండాల్సింది. మూడో రోజు సాయంత్రం ఒక కుర్ర డిజైనర్ ఏడో నంబరు ముందు నిలబడి, "ఈవిడ ఎందుకండీ ఎడమకే చూస్తోంది, ఆ చివర ఇంత ఖాళీ ఎందుకు?" అని అడిగాడు. మాస్టారు చేతిసంచీలోంచి చిరిగిన వారపత్రిక కాగితం ఒకటి తీశారు. ఆ బొమ్మే, అచ్చయిన పేజీలో. ఖాళీ ఉన్నచోట కథ పేరు ఉంది, ఎడమ కాలమ్‌లో కథ మొదలవుతోంది. "చదివేవాడు ముందు మొహం చూస్తాడు బాబూ. ఆ చూపు వెంట కళ్లు కథలోకి వెళ్లాలి. ఆవిడ కుడికి చూస్తే పాఠకుడు పేజీ బయటికి పోతాడు. అదీగాక ఆ వారం నలుపు కాకుండా ఒక్క రంగే ఇచ్చారు. మధ్యాహ్నం నాలుగింటికి కథ చేతికొచ్చింది, రాత్రి ఏడింటికి ప్రెస్సుకు వెళ్లాలి" అన్నారు. పది నిమిషాల్లో ఆయన చుట్టూ ఆరుగురు చేరారు. గోడ మీది ఫ్రేము వైపు ఒక్కరూ చూడట్లేదు, అందరి కళ్లూ ఆ చిరిగిన కాగితం మీదే.

పని ఇచ్చేవాడికి అందం ఒక్కటే చాలదు. పన్నెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న నేనే ఆ సంగతి మరిచాను. ఆర్ట్ డైరెక్టర్ ఫోలియో తెరిచినప్పుడు మనసులో ఉండే ప్రశ్న వేరు: నా దగ్గర ఉన్న ఈ చిక్కు, ఈ చిన్న జాగా, ఈ తక్కువ గడువు, ఈ మొండి క్లయింటు, వీటితో ఈ మనిషి ఏం చేయగలడు? బొమ్మను పని నుంచి విడదీసి చూపిస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. కమర్షియల్ బొమ్మ తెలివి అంతా అది ఒదిగిన చోటులోనే ఉంటుంది. ఆ చోటునే నేను కోసి పారేశాను.

హక్కులు: తప్పించుకోలేని మధ్యఘట్టం

అచ్చయిన రూపంలో చూపించాలి అనుకోగానే, చూపించే హక్కు ఎవరిది అన్నది ముందుకొచ్చింది. చాలామంది ఈ మెట్టు దాటేసి వెళ్తారు. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. సెక్షన్ 17 ప్రకారం కృతికి మొదటి హక్కుదారు దాన్ని సృష్టించినవారే. కానీ మినహాయింపులున్నాయి. డబ్బిచ్చి ఎవరైనా అడిగి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న పెయింటింగ్ లేదా పోర్ట్రెయిట్ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కు ఆ తీయించుకున్నవారిదే. అంటే మా అమ్మాయి తీసిన నగల ఫొటోల్లో చాలావాటి మీద హక్కు నగల కొట్లదే. ఆమె ఇన్నేళ్లలో ఒక్క కాగితం మీదా సంతకం పెట్టించుకోలేదు.

మాస్టారి విషయంలో చట్టం ఆయనకు మేలు చేసింది. పత్రికలో ఉద్యోగం చేస్తూ, ఆ పత్రిక కోసమే వేసిన బొమ్మను పత్రికల్లో అచ్చువేసుకునే హక్కు యాజమాన్యానిది. తక్కిన అన్ని విషయాల్లో హక్కు చిత్రకారుడిదే. ఆయన ఆ 11 ఏళ్లు పత్రిక తనను కొనేసుకుందనుకున్నారు. సెక్షన్ చదివి వినిపించినప్పుడు రెండుసార్లు చదివించుకున్నారు. పైగా సెక్షన్ 57 ఉంది: హక్కులు ఎవరికి రాసిచ్చినా, ఇది నా బొమ్మ అని చెప్పుకునే హక్కు వేసినవారిని వదిలిపోదు.

చూపించాలనుకున్న ప్రతి పనికీ ఒక పేజీ ఉత్తరం రాశాం: ఈ పనిని మా ఫోలియోలో, వెబ్‌సైట్లో మీ పేరుతో చూపించడానికి అనుమతి ఇవ్వగలరా అని. ఎక్కువ మంది సంతోషంగా ఒప్పుకున్నారు. ఒక పచ్చళ్ల కంపెనీ అయితే పాత లేబుళ్ల కట్ట వెతికి పంపింది. ఒక నగల కొట్టు కుదరదంది. అవి ఆమె తీసిన ఫొటోల్లో అన్నిటికంటే మంచివి, అయినా తీసేశాం. ఆ వెలితి పూడ్చడానికి ఆమె వాళ్లమ్మ నగలతో సొంతంగా ఒక షూట్ చేసింది. అది తర్వాత చెబుతాను. ఆ రోజు నుంచి ఆమె బిల్లులో ఒక వాక్యం శాశ్వతంగా చేరింది: ఫొటోలను తన ఫోలియోలో చూపించుకునే హక్కు తీసినవారికి ఉంటుంది. ఎంతకాలం, ఎక్కడ వాడుకోవచ్చన్నదీ రాస్తోంది. హక్కు బదిలీ కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కిస్తుంది, చోటు రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఇవి తెలిసి బేరం చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

ఏరివేత

రెండోసారి ఎంపికకు అన్నిటినీ పోస్టుకార్డు సైజులో ప్రింటు తీసి మా ఇంటి హాల్లో నేల మీద పరిచాం. ముగ్గుర్ని పిలిచాను: ఒక ఆర్ట్ డైరెక్టరు, పిల్లల పుస్తకాల సంపాదకురాలు, ముప్పై ఏళ్లు ఆఫ్‌సెట్ మిషన్ నడిపిన ప్రెస్సు మేస్త్రి. ఒక్కొక్కరికీ గుప్పెడు చింతగింజలు ఇచ్చి, ఫలానా పని మీరిచ్చేటట్టయితే ఏ కార్డు చూసి ఇస్తారో దాని మీద పెట్టమన్నాను. నచ్చినదాని మీద కాదు, పని ఇచ్చేదాని మీద.

మాస్టారు ఎంతో ముచ్చటపడే దేవతామూర్తుల క్యాలెండర్ల మీద ఒక్క గింజా పడలేదు. స్కూలు గైడు గుండె మీద ముగ్గురూ పెట్టారు. మేస్త్రి మాట నేను మరిచిపోలేను: "అమ్మా, ఈ బొమ్మలో ఎక్కడా సన్నగీత రంగు మీద రంగు పడేచోట లేదు. మిషన్ కాస్త జరిగినా తెలీదు. ప్రెస్సు తెలిసినాయన వేశాడు." ఆ గుణం నాకు కనపడలేదు, ఆర్ట్ డైరెక్టరుకూ కనపడలేదు. ఫోలియోలో ఆ గుండె పక్కన మేస్త్రి మాటనే శీర్షికగా పెట్టాం.

క్యాలెండర్లు తీసేయడానికి మాస్టారు ఒప్పుకోలేదు. నాలుగు రోజులు మాట్లాడలేదు కూడా. చివరికి ఒక్కటి ఉంచాం, అది కూడా పూర్తయిన దేవుడి బొమ్మ కాదు, ఒకే క్యాలెండర్‌కు ఆయన వేసిన పదకొండు పెన్సిల్ రఫ్‌లు. ఫోలియోలో జనం ఎక్కువసేపు ఆగే పేజీ అదే. ఈ మధ్య, ఇది చేత్తో వేసిందేనా, యంత్రం చేసిందా అని క్లయింట్లు సూటిగా అడుగుతున్నారు. పదకొండు రఫ్‌లు పక్కపక్కన చూసినవాళ్లు ఆ ప్రశ్న అడగరు.

గుట్టపూసలు

ఆ అమ్మాయి వాళ్లమ్మ నగల్లో ఒక గుట్టపూసల హారం ఉంది. అంచునంతా గుత్తులు గుత్తులుగా చిన్న ముత్యాలు. ఫొటోగ్రాఫర్లకు అది నిజంగా పరీక్ష. మెత్తటి వెలుగు చుట్టూ ఇస్తే బంగారం బాగుంటుంది, ముత్యాలు గుండ్రదనం పోయి బియ్యపు గింజల్లా చదునవుతాయి. గట్టి వెలుగు ఇస్తే ముత్యాలు లేస్తాయి, బంగారం మీద తెల్ల మచ్చలు పడతాయి. ఆమె పైనుంచి ఒక పెద్ద మెత్తటి లైటు పెట్టి, రెండు పక్కలా నల్లకార్డు ముక్కలు నిలబెట్టింది. ముత్యంలో ఆ నలుపు సన్నని అంచుగా ప్రతిబింబించి గుండ్రదనం తిరిగొచ్చింది. దగ్గరగా తీస్తే హారం మొత్తం ఒకేసారి ఫోకస్‌లో ఉండదు కాబట్టి, కొంచెం కొంచెం జరుపుతూ 18 ఫ్రేములు తీసి ఒకటిగా కలిపింది.

ఫోలియోలో ఈ షూట్‌కు రెండు పేజీలు ఇచ్చాం. ఎడమ పేజీలో మూడు చిన్న ఫొటోలు: నల్లకార్డులు లేకుండా, ఉండగా, సెట్ మొత్తం పైనుంచి. కుడి పేజీ నిండా హారం. తన లైటింగ్ ఎవరికీ పట్టదు అన్న అమ్మాయి గోడు ఆ ఎడమ పేజీతో తీరింది.

చీరలతో ఒక పాఠం నేర్చుకున్నాం. గద్వాల చీర రామచిలక పచ్చ, ఆమె కంప్యూటర్‌లో నిగనిగలాడేది నా ఫోన్‌లో పాలిపోయింది. ఆమె ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీ పద్ధతిలో పని చేసి, రంగుల్ని ఎలా చదవాలో తెరకు చెప్పే ప్రొఫైల్ లేకుండా ఎగుమతి చేస్తోంది. వెబ్‌కు వెళ్లేవన్నీ అక్కడ మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ప్రొఫైల్ జతచేశాం. చీరలు అమ్మేవాళ్లకు పచ్చ తేడా వస్తే సరుకు వెనక్కొస్తుంది, కాబట్టి ఇది వాళ్ల దగ్గర చెప్పుకోదగ్గ విషయం కూడా.

రెండో ఫోలియో వెళ్లిన దారి

ఈసారి హాలు లేదు. ఒక్కొక్కరికీ 24 పేజీల చిన్న పుస్తకం, చెరో అరవై కాపీలు డిజిటల్ ప్రెస్సులో. ప్రతి పనికీ మూడు వరుసలు మించకుండా: ఎవరడిగారు, అడ్డేమిటి, ఏం చేశాం. ఆ పక్కన రఫ్, ఎదురుగా అచ్చయిన రూపం, లేబులైతే సీసా మీద, కథ బొమ్మైతే పేజీలో. వెబ్‌సైటు కూడా అదే క్రమంలో, ఫోన్‌లో చూసేవాళ్లను తలచుకుని కట్టాం. నేను కలిసిన ఆర్ట్ డైరెక్టర్లు ఎక్కువమంది మీటింగ్‌కూ మీటింగ్‌కూ మధ్య ఫోన్‌లోనే చూస్తున్నారు.

పుస్తకాలు అందరికీ పంచలేదు. పిల్లల పుస్తకాలు వేసేవాళ్లు, ఆహారం ప్యాకింగ్ చేయించేవాళ్లు మాస్టారి జాబితా. నగలు, చేనేత ఆమె జాబితా. ప్రతి కవరులో ఆ సంస్థ పని ఒకటి ప్రస్తావిస్తూ చేత్తో రాసిన చీటీ. రెండు వారాల తర్వాత ఫోన్. అరవై మందిలో మాస్టారికి తొమ్మిది మంది, ఆమెకు పద్నాలుగు మంది సమయమిచ్చారు. ఆ మీటింగుల్లో నేను మాట్లాడలేదు. మాస్టారు మొదట్లో తడబడ్డారు. మూడో మీటింగ్‌లో మళ్లీ ఆ చిరిగిన కాగితం తీశారు, ఇక తడబాటు లేదు.

ఆరు నెలల్లో మాస్టారికి 32 పేజీల పిల్లల పుస్తకం ఒకటి, పొడులు పచ్చళ్ల లేబుళ్లు ఏడు వచ్చాయి. పుస్తకం అట్ట మీద పేరు ఉంటుందని ఒప్పందంలో రాయించాం. లేబుల్ మీద పేరు వేయడానికి కంపెనీ ఒప్పుకోలేదు. వెనక వైపు, బార్‌కోడ్ పక్కన, రెండు మిల్లీమీటర్ల పొడి అక్షరాలకు ఒప్పించడానికి ఇంకా ప్రయత్నిస్తున్నాం. ఆమెకు ఒక నగల సంస్థ పండగ ప్రచారం వచ్చింది, నగకింత అని కాకుండా రోజుకింత అని, వాడుక గడువుతో సహా. ఒక చేనేత సంఘం మాత్రం హారం పేజీ నచ్చిందని పిలిచి, చివరికి తక్కువ రేటు చెప్పినవాళ్లకు ఇచ్చింది.

మాస్టారి పెట్టెల్లో ఒకటి ఇంకా తెరవలేదు. పాత సినిమా పత్రికల బొమ్మలట. ఆ అమ్మాయి ప్రతి రెండో ఆదివారం ఉదయం రైలెక్కి విజయవాడ వెళ్లొస్తోంది. లైట్లు అక్కడే వదిలేసింది. పోయినసారి పంపిన ఫైలు నంబరు 0914. ఒక ఊరి బస్టాండు, వాన, గొడుగు కింద ముగ్గురు. అది ఏ కథకు వేశారో ఆయనకు గుర్తు లేదు, మూడో గడి ఖాళీగా ఉంది.